పక్క మంచం అక్క

పెద్దారవీడు దగ్గర ఒక పల్లెలో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లల బరువు చూడడం నా పని. నా బరువు మాత్రం ఊరంతా చూసేది. "పిల్లోళ్ల గుడ్లన్నీ ఈమే తింటాది" అని ఒకామె నా ముందే అన్నది. షుగరు వచ్చి, మోకాళ్లు అరిగి, చివరికి సర్కారు ఆసుపత్రిలో కడుపు చిన్నది చేసే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

వార్డులో దాదాపు అందరం నలభై దాటిన ఆడవాళ్లమే. అందరికీ షుగరో బీపీనో ఉంది. మోకాళ్ల నొప్పికి పోతే "ముందు బరువు తగ్గాలి" అనిపించుకుని వచ్చినవాళ్లమే ఎక్కువ. ఇంట్లో అందరి తర్వాత తిని, మిగిలింది పారేయలేక అదీ తినేవాళ్లం.

నా పక్క మంచం మీద అర్ధవీడు వైపు నుంచి వచ్చిన అక్క ఉండేది. వాళ్లవి గొర్రెలు. పడుకుంటే ఆమెకు ఊపిరి ఆడదు. గోడకు ఆనుకుని కునుకు తీసేది.

"భయంగా ఉందా అక్కా?"

"కోతకు కాదు మా. వద్దంటారేమోనని. మందెంబడి నడిచి శానా దినాలాయె."

ఆమె భయపడినట్లే అయింది. మత్తు డాక్టరు పరీక్షలు చూసి, ఊపిరి కుదుటపడేదాకా మత్తు ఇవ్వలేమన్నాడు.

"పోతే పోతా నాయనా, చేసేయండి" అని ఆమె చేతులు జోడించింది.

ఆయన ఒప్పుకోలేదు. నిద్రలో ముక్కుకు పెట్టుకునే గాలి మిషన్ వాడి మళ్లీ రమ్మన్నాడు. నన్ను ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే ఆమె సంచి సర్దుకుంటోంది.

ఆపరేషన్ అయ్యాక నేను తగ్గాను. మాత్రలూ తగ్గాయి. జుట్టు ఊడింది. నాలుగు ముద్దలు దాటితే వాంతి. ఇప్పుడు ఊళ్లో "ఏం రోగమొచ్చిందో" అంటున్నారు.

కొన్నాళ్లకు ఆమెకు ఫోన్ చేశాను. "మిషన్ పెట్టుకుంటున్నావా అక్కా?"

"పెట్టుకుంటాండా. కరెంటు పోతే ఆగిపోతాది. లేచి కూర్చుంటా." మళ్లీ తనే అడిగింది: "ఆపరేషనైతే ఆకలే ఉండదంట గదా, నిజమేనా?"

"ఆకలి తక్కువే. తినాలని మాత్రం ఉంటాది" అన్నాను.

మళ్లీ పరీక్షలకు పిలిచారట. మందను వదిలి ఆమెతో పోయేవాళ్లు ఇంట్లో లేరు. నేను పోయాను. ఊపిరి కొంత మెరుగైందిగానీ ఇంకా ఆగాలన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత నా ముఖం చూసి, "పొద్దుటినుంచి ఏం తినలేదు గదా నువ్వు. ఒక ఇడ్లీ అన్నా తింటావా?" అని అడిగింది.