ఆరు సెట్లలో రెండు

గోరంట్ల బస్టాండు అవతల ఎస్తేరు సైకిల్ షాపు. తండ్రి మారెప్పకు మోకాళ్లు పట్టేశాక పదకొండేళ్లుగా ఆమే నడుపుతోంది. ఆడమనిషి పంచరు వేస్తుందా అని వెనక్కి తిరిగిపోయినవాళ్లు మొదట్లో చాలామంది ఉన్నారు. ఆమె ఎవరినీ బతిమాలలేదు.

ఆదివారాలు బెంగళూరు నుంచి పుట్టపర్తికి రేసు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు ఆమె దగ్గర ఆగేవారు. వాళ్ల సైకిళ్లకు తీగతో కాక నూనె ఒత్తిడితో పట్టే డిస్కు బ్రేకులుంటాయి. వాటిని విప్పడం, గొట్టంలో గాలి బుడగ లేకుండా నూనె నింపడం ఫోనులో చూసి, పాడైన ఒక బ్రేకు మీద చేసి చేసి నేర్చుకుంది.

అది విని, పోయిన ఫిబ్రవరిలో ఒక బెంగళూరు కంపెనీ ఆమెకు ఆరు సెట్లు పంపింది. గేర్లు, బ్రేకులు కలిపి విదేశీ వాటిలో మూడో వంతు ధరకే అమ్మాలని వాళ్ల ఆలోచన. ఎండలో, దుమ్ములో మూడు నెలలు తొక్కి ఎలా ఉన్నాయో రాసివ్వమన్నారు. ఇక మనవాళ్లకూ ఇలాంటివి అందుతాయని ఎస్తేరు సంబరపడింది.

పుట్టపర్తి దారిలో గుట్ట దిగే రోడ్డుంది. రోజూ ఒక్కో సెట్టు సైకిలుకు బిగించి తానే తొక్కుకుంటూ ఎక్కి దిగింది. ఏప్రిల్ ఎండలోనూ నాలుగు సెట్ల బ్రేకులు బాగా పట్టాయి. రెండింటికి బ్రేకు పిడి మెత్తబడింది, ఎంత నొక్కినా చక్రం ఆగదు. నూనె మార్చింది, గాలి తీసింది. రెండు రోజులు బాగుండి మళ్లీ అదే వరస. విప్పి చూస్తే లోపలి రబ్బరు వేడికి ఉబ్బి అంచున నూనె చెమర్చింది. ఉన్నదున్నట్టు రాసి పంపింది.

మే నెలలో కంపెనీ మనిషి నరేంద్ర వచ్చాడు. హిందూపురం వాడే.

"నాలుగు బాగుండాయి కదక్కా. ఆ రెండింటి మాట తీసేసి రాసి సంతకం పెట్టు. జిల్లాకంతా ఏజెన్సీ నీకే ఇస్తాం."

అరుగు మీద కూర్చున్న మారెప్ప కల్పించుకున్నాడు. "పెట్టేయ్ పాపా. మనట్లోళ్లకు ఎవురిస్తారు ఇంత?"

"ఇయ్యకపోతే మానీ నాయనా."

"తక్కువ ధరవి కదక్కా, కొంచెం సర్దుకోవాల," అన్నాడు నరేంద్ర.

"ధర తక్కువైతే ఎముకలు తక్కువ ఇరుగుతాయాప్పా?"

అతని కారులోనే సైకిలు వేయించి గుట్ట మీదికి తీసుకుపోయింది. పైన దించి అతని చేతికిచ్చింది.

"ఇది చెడిన సెట్టే. తెలిసే ఇస్తాండా. ఫర్వాలేదంటివి కదా, దిగు."

ఎక్కినా పోనివ్వకూడదని సీటు వెనక గట్టిగా పట్టుకునే ఉంది. నరేంద్ర పిడి నొక్కాడు. అది మెత్తగా వచ్చి హ్యాండిలుకు తగిలింది. కింద మలుపులో లారీ ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది. అతను కాలెత్తలేదు.

"సైకిలు తొక్కి శానా దినాలైందక్కా."

"నువ్వు దిగలేనిదాని మీద ఊరోళ్లను దిగమని నేను సంతకం పెట్టల్నా? పెట్టను."

ఏజెన్సీ వేరే ఊరి షాపుకు పోయింది. చేతికొచ్చింది పోగొట్టుకున్నావని మారెప్ప వారం రోజులు కూతుర్ని తిట్టాడు. ఎస్తేరు కంపెనీ పేరు పైన రాసి షాపు ముందు అట్ట కట్టింది: 'ఈ కంపెనీ బ్రేకులు లోపలి రబ్బరు మార్చనిదే బిగించను.' ఆదివారం వచ్చినవాళ్లు దాన్ని ఫోటో తీసి అందరికీ పంపారు. కంపెనీ నుంచి ఫోను వచ్చింది. అట్ట తీయకుంటే కేసు పెడతామన్నారు. పక్కనుంచి మారెప్ప కూడా తీసేయమన్నాడు.

"పెట్టండి సార్. ఆ రెండు పిడులూ కోర్టుకు నేనే తెస్తా," అంది.

కేసు రాలేదు. అక్టోబరులో నరేంద్ర మళ్లీ వచ్చాడు, కొత్త రబ్బర్లు వేసిన ఆరు సెట్లతో. అంతవరకు అమ్మినవాటికీ మార్చి ఇస్తున్నామని చెప్పాడు. తొక్కి చూడమని అడిగాడు.

"ఎండాకాలం రానీ. అప్పుడే తెలిసేది," అంది ఎస్తేరు.

సెట్లు షాపులో పెట్టుకుంది. అట్ట మాత్రం తీయలేదు. తీయమని ఈసారి మారెప్ప కూడా అనలేదు.