చౌడు పెరట్లో అమ్మ పెంచిన తోటకూర

మొన్న ఆదివారం మా కోడలు చౌటుప్పల్‌లోని మా డాబా మీదికి నల్లటి సంచులు, కొబ్బరి పొట్టు, ఎరువు మోయించుకొచ్చి, పిట్టగోడ పొడవునా వరసగా పేర్చి, పండుగ చేసుకుంటున్నంత ఉత్సాహంతో నా అరచేతిలో చిటికెడు తోటకూర విత్తనాలు పోసింది. "అత్తమ్మా, మొదటి గింజలు మీ చేత్తో వెయ్యండి" అన్నది. నల్లగా మెరిసే ఆ సన్నటి గింజలను కాసేపు చూస్తూ నిలబడి, మోకాళ్ళ నొప్పుల వల్ల వంగలేనని చెప్పి, వాటిని తిరిగి ఆమె చేతిలోనే పోసి కిందికి దిగి వచ్చాను. మోకాళ్ళ నొప్పులున్న మాట నిజమే. కానీ నేను దిగి వచ్చింది అందుకు కాదు. నా ఈడు వాళ్ళు, అందులోనూ నల్లగొండ వైపు పల్లెల్లో పుట్టి పెరిగిన వాళ్ళు, చెబితే అర్థం చేసుకుంటారనే ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

మా అమ్మది పాలమూరు జిల్లా. అక్కడా వానలు అంతంత మాత్రమే అయినా నేల ఎర్రమట్టి నేల, తొలకరికి ఏ గింజ వేసినా నమ్మకంగా మొలిచేదని అమ్మ చెప్పేది. పెళ్ళయి వచ్చింది మాత్రం కట్టంగూరు నుంచి లోపలికి పోతే వచ్చే మా ఊరికి. మా బాపు కరెంటు శాఖలో హెల్పరు, స్తంభాలెక్కే పని. ఊరి చివర జాగా దొరికిందని ఆయన ఇల్లు కట్టుకున్నాడు గానీ, ఆ జాగాలో ఊళ్ళో ఎవరూ ఎందుకు కట్టుకోలేదో అమ్మకు మొదటి ఎండాకాలంలోనే తెలిసి వచ్చింది. అది చౌడు నేల. ఎండలు ముదిరేసరికి ఎవరో సున్నం చల్లిపోయినట్టు పెరడంతా తెల్లటి పొర తేలేది, వాన పడితే సబ్బులా జారేది, ఆరితే గడ్డపారకు కూడా లొంగేది కాదు. అమ్మ పట్టుదలగా వేసిన బెండ, గోరుచిక్కుడు రెండాకులు వేసి, అంచులు మాడి, పసుపు పచ్చగా మారి చచ్చిపోయేవి. "గీ చౌట్ల గడ్డి గూడ మొలుస్తలేదు, నీ కూరగాయలు మొలుస్తయా? ఊకో రాదూ" అని బాపు విసుక్కునేవాడు. ఆయన మాటలో తప్పు లేదు. అమ్మ కూడా కొన్నాళ్ళకు ఊరుకున్నది.

మళ్ళీ ఆమె చేత పార పట్టించింది మా చెల్లెలు.

చెల్లె నాకంటే బాగా చిన్నది. నడక ఆలస్యంగా వచ్చింది, వచ్చిన నడక కూడా తిన్నగా లేదు. బడికి పోయే వయసు వచ్చేసరికి దాని కాళ్ళు మోకాళ్ళ దగ్గర నుంచి బయటికి వంగి, నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడేది. మా ఊళ్ళో అలాంటి పిల్లలు చాలామంది ఉండేవారు. నడివయసుకే మెడ తిప్పలేని మగవాళ్ళు, నడుము వంగిపోయిన ఆడవాళ్ళు ప్రతి గల్లీలో ఉండేవారు, అదంతా మా రాత అనుకునేవాళ్ళమే తప్ప, బోరింగు కొడితే ధారగా వచ్చే ఆ తేటనీళ్ళలో ఏదో ఉందని ఎవరికీ తోచేది కాదు. నల్లగొండ దవాఖానలో డాక్టరు చెల్లె కాళ్ళు చూసి, ఇది నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చిన రోగమని, బోరునీళ్ళు మానిపించాలని, పాలూ ఆకుకూరలూ జామపండూ ఉసిరీ బాగా పెట్టాలని చెప్పాడు. పాడి మా ఇంట్లో లేదు. వారానికొకసారి సంతలో తెచ్చిన ఆకుకూర ఇంటికి చేరేలోపే వాడిపోయేది. బస్సు దిగి ఇంటికొచ్చిన అమ్మ చెల్లెను గడపలో కూర్చోబెట్టి, నేరుగా పెరట్లోకి పోయి ఆ తెల్లటి నేలను చాలాసేపు చూస్తూ నిలబడింది.

ఆ ఎండాకాలమంతా అమ్మ చేసిన చాకిరీ ఇప్పుడు తలచుకుంటే నమ్మబుద్ధి కాదు. ఎండిన చెరువులో నల్లమట్టి తవ్వి గంపలకెత్తి నెత్తిన మోసుకొచ్చింది. గొర్రెలు కాసే వాళ్ళను బతిమాలి పెరట్లో మందను పండబెట్టించింది. కానుగాకు, జిల్లేడాకు కోసుకొచ్చి తొక్కి పాతిపెట్టింది. చౌడు పైకి ఎగదన్నకుండా రాళ్ళు పేర్చి, వాటి మీద చెరువుమట్టితో ఎత్తైన మడులు కట్టింది. మా పక్కింట్లో ఒక ముస్లిం ఆమె ఉండేది, పిన్నమ్మ వరసకు మేం ఖాలా అని పిలిచేవాళ్ళం. భర్త పోయాక కుట్టు మిషనుతో బతుకు వెళ్ళదీస్తున్న మనిషి. ఆమె, అమ్మ, నేను కలిసి తెల్లవారకముందే బిందెలు తీసుకుని చెరువు కట్ట కింది మంచినీళ్ళ బావికి పోయేవాళ్ళం. తెచ్చిన నీళ్ళలో ముందు చెల్లె తాగడానికి, ఆ తర్వాత వంటకు, మిగిలితే మడులకు. బియ్యం కడిగిన నీళ్ళు కూడా అమ్మ పారబోయనిచ్చేది కాదు, గిన్నె పట్టుకుని పోయి మొక్కమొక్కకూ పోసేది.

తోటకూర వచ్చింది. దాని వెనుక మెంతి, గోలీలంత టమాటలు, ఇంటి కప్పు మీదికి పాకిన సొరతీగ వచ్చాయి. ఖాలా తన చుట్టాల ఇంటి నుంచి తెచ్చిచ్చిన జామ మొక్క కూడా బతికింది. ఎక్కడికీ పరుగెత్తలేని చెల్లెకు ఆ మడులే ఆటస్థలం. రాళ్ళ మీద కూర్చుని ఆకుల వెనక పురుగులు ఏరేది, కొత్తగా విప్పిన ఆకులను వేలితో నిమిరేది, జామ చెట్టుకు ఎప్పుడు కాయలొస్తాయని పొద్దస్తమానం అడిగేది. బాపు డ్యూటీ నుంచి వచ్చి, పెరటి వాకిట్లో సైకిలు పట్టుకుని అలాగే నిలబడి చూసేవాడు. మా ఇంట్లో అందరూ ఒకేసారి నవ్విన రోజులంటే నాకు గుర్తున్నవి అవే.

తర్వాత వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. చెరువు నెర్రెలు విచ్చింది, బావిలో బురద తేలింది. ఊటనీళ్ళను చెంబుతో ముంచి బిందె నింపుకోవాల్సి వచ్చేది, అవి చెల్లె తాగడానికే సరిపోయేవి కావు. ఖాలా తన వంతు నీళ్ళు కూడా మా కుండలో పోసి, తాను బోరునీళ్ళే తాగేది. వాడిపోతున్న మడులను చూసి చూసి అమ్మ ఒకరోజు బోరింగు దగ్గరికి పోయింది. "తాగేటందుకు గాదు గదా, మొక్కలకే గదా" అన్నది, మాకు చెప్పినట్టూ తనకు తాను చెప్పుకున్నట్టూ. మందంగా పరిచిన చెరువుమట్టి ఉండటం వల్లనేమో, మొక్కలు ఆ నీళ్ళకు తట్టుకున్నాయి. ఆ కరువులో ఊళ్ళో మరెక్కడా పచ్చటి ఆకు లేదు, మా పెరట్లో ఉంది. అమ్మ రోజూ తోటకూర వండి, మాకెవరికీ పెద్దగా వడ్డించకుండా, చెల్లెను ఒడిలో కూర్చోబెట్టుకుని ముద్దలు చేసి తినిపించేది. చెల్లె చాలన్నా ఊరుకునేది కాదు.

అలా ఏడాదికి పైగా గడిచాక, బడిలో వైద్య శిబిరం పెట్టడానికి పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు. వాళ్ళలో ఒక ఆడ డాక్టరు చెల్లెను చూసి, ఇంటి దాకా వచ్చి, పెరడు చూసి ముచ్చటపడింది. ఈ నేలలో ఇంత పచ్చదనమా అని అమ్మను మెచ్చుకున్నది. అమ్మ ముఖం వెలిగిపోయింది. అప్పుడు డాక్టరమ్మ మామూలుగానే అడిగింది, వీటికి ఏ నీళ్ళు పోస్తున్నారని. అమ్మ చెప్పింది.

డాక్టరమ్మ చెల్లె కాళ్ళ వైపు ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా అన్నది: "ఈ నీళ్ళు పోసి పెంచితే ఆకుల్లోకి కూడా ఆ ఫ్లోరైడు కొంత వస్తుందమ్మా. తాగే నీళ్ళతో వచ్చినంత కాదు. కానీ ఈ పాపకు అది కూడా వద్దు."

"మొక్క తాగితే మొక్కకే పోతదనుకున్న మేడం" అన్నది అమ్మ. ఆ తర్వాత, "ఎంతొస్తది?" అని అడిగింది.

"ఎంతో నేను చెప్పలేనమ్మా."

జీపు పోయిన దుమ్ము అణగకముందే అమ్మ కొంగు బిగించి మడుల్లోకి దిగింది. తోటకూరను పిడికిళ్ళతో పట్టి వేళ్ళతో సహా పీకేసింది. మెంతి పీకింది, టమాట చెట్లు పీకింది, సొరతీగను కప్పు మీద నుంచి గుంజి పడేసింది. నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఖాలా పరుగున వచ్చి చేతులు పట్టుకున్నది.

"జర ఆగు అక్కా. నువ్వు బిడ్డ కోసమే గద చేసినవ్."

"బిడ్డ కోసమే చేసిన" అన్నది అమ్మ. "వద్దంటున్నా నా చేత్తోని తినబెట్టిన."

పీకిన మొక్కలన్నీ గోడ అవతల కుప్ప వేస్తే మేకలు వచ్చి మూతులు పెట్టాయి. అమ్మ కట్టె తీసుకుని వాటిని దూరంగా తరిమింది. "వాటి కాళ్ళన్న మంచిగుండనీ" అని అరిచింది. సాయంత్రం ఇంటికొచ్చిన బాపు గొయ్యి తవ్వి ఆ కుప్పనంతా పూడ్చాడు. జామచెట్టును పీకడానికి అమ్మకు చేతులు రాలేదు గానీ, నీళ్ళు పోయడం మాత్రం మానేసింది. ఆ ఎండల్లో పూత రాల్చి, తర్వాత ఆకు రాల్చి, అది నిలువునా ఎండిపోయింది.

హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోతే, వెన్నెముక కూడా బిగుసుకుపోతున్నదని, ఆపరేషను చేసినా నడక రాదని చెప్పి పంపించేశారు. చెల్లె పెద్దదవుతూ గోడ పట్టుకుని నడవడం మాని, నేల మీద జరగడం మొదలుపెట్టింది. ఖాలా తన చేతి మిషను తెచ్చి దాని ముందు పెట్టి కుట్టు నేర్పింది. అమ్మ మడుల రాళ్ళు కూడా తీయించేసింది, పెరడు మళ్ళీ తెల్లబడింది. చెల్లె ఒకసారి, బాగా తెలివి వచ్చాక, అమ్మను సూటిగా అడిగింది: "నీ కూర తిన్నందుకే నా కాళ్ళు గిట్లయినయా అమ్మా? మరి కూర దినని వాళ్ళయి ఎందుకయినయి?" ఆ మాటలో ఉన్న న్యాయం మాకందరికీ అర్థమైంది. అమ్మకూ అర్థమయ్యే ఉంటుంది. కానీ ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ ఒక్క గింజ కూడా నాటలేదు. వాకిట్లో తులసి పెట్టమని చుట్టాలు చెప్పినా వినలేదు.

నేను పెళ్ళి చేసుకుని చౌటుప్పల్ వచ్చేశాను. కొన్నేళ్ళకు అమ్మ మెడ కూడా బిగుసుకుపోయింది, మనిషి ముఖం చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. చాలా ఆలస్యంగా, చెల్లె ముప్ఫై దాటాక, మా ఊరికి కృష్ణా నీళ్ళు వచ్చాయి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అమ్మ గోడ పట్టుకుని నల్లా దాకా పోయి, గ్లాసు నింపి, మిషను ముందు కూర్చున్న చెల్లె చేతికిచ్చింది. చెల్లె సగం తాగి గ్లాసు దింపింది. "సప్పగున్నయే అమ్మా" అన్నది. "తాగు బిడ్డా" అన్నది అమ్మ. చెల్లె మిగిలిన సగం కూడా తాగింది.

ఇప్పుడు అమ్మా లేదు, బాపూ లేడు, ఖాలా కూడా పోయింది. చెల్లె ఒక్కతే మా ఊళ్ళో ఆ ఇంట్లో ఉంటున్నది. అక్కడ మా గల్లీలో నల్లానీళ్ళతో ఇంటింటా ఏదో ఒక కూరగాయ పెరుగుతున్నది. పిల్లల కాళ్ళు తిన్నగా ఉన్నాయి. మా తరం వాళ్ళెందుకు అలా వంగిపోయి ఉంటారో వాళ్ళకు తెలియదు, తెలియనవసరం లేదు కూడా. సాయంత్రం బడి వదిలాక ఆ పిల్లలందరూ కేకలు పెడుతూ మా ఇంటి ముందు నుంచి పరుగెత్తుతుంటే, చెల్లె గడప దాకా జరుగుతూ వచ్చి చూస్తుంది. సంతోషంగానే చూస్తుంది. దాన్ని చూడటానికి పోయిన నేనే అక్కడ నిలబడలేక లోపలికి వెళ్ళిపోతాను.