ఐదో నంబరు బూట్లు

చెప్పుల కొట్లో పనిచేసే ఆ అమ్మాయికి ఒక విద్య వచ్చు. గుమ్మం ఎక్కుతున్న మనిషి పాదం చూసి, కుర్చీలో కూర్చునేలోపు సరైన నంబరు జత తీసి ముందు పెడుతుంది. ఎదుటివాళ్ళకేం కావాలో ఇట్టే పసిగట్టే ఆ మహాతల్లిని, మరి నీకేం కావాలని అడిగితే మాత్రం ఒకటే జవాబు: "మీ ఇష్టం." ఐదుగురు పిల్లల్లో ఆఖరుది. ఇంట్లో ఏ విషయమైనా తన దాకా వచ్చేసరికి పై నలుగురూ తేల్చేసి ఉండేవారు. పాపం, అలా అలవాటు పడిపోయింది.

అందుకే ఆమే, చిన్ననాటి స్నేహితురాళ్ళు ఒక టీచరూ, ఒక నర్సూ కలిసి సెలవుల్లో ఊళ్ళు తిరగడానికి బయల్దేరేటప్పుడు నర్సు ఒక షరతు పెట్టింది. మొత్తం ఆరు రోజులు, తలా రెండు. ఎవరి వంతులో వాళ్ళు చెప్పిన చోటికి మిగతా ఇద్దరూ నోరు మూసుకుని రావాలి. టీచరు తన రెండు రోజులూ వాళ్ళను మ్యూజియంలలో నిలబెట్టి పాఠాలు చెప్పింది. నర్సు తన రెండు రోజులూ సరస్సు చుట్టూ తిప్పింది. ఐదో రోజు పొద్దున బస్టాండులో ఇద్దరూ అమ్మాయి వైపు తిరిగి, ఎటు వెళదామని అడిగారు.

"మీ ఇష్టం," అంది.

టీచరు సంచి కింద పడేసి బెంచీ మీద కూలబడింది. చెప్పేదాకా కదిలేది లేదంది. ఒక బస్సు వెళ్ళిపోయింది. రెండోదీ వెళ్ళిపోయింది. అమ్మాయి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది, జవాబు అక్కడేమైనా దొరుకుతుందేమోనని. మూడో బస్సు కూడా కదిలాక టీచరు మెల్లగా నోరు విప్పింది.

"నేను మధ్యాహ్నం బస్సుకి ఇంటికెళ్ళిపోతానే. నాతో తిరగడం నీకిష్టం లేదని మొదటిరోజే తెలిసిపోయింది. ఎక్కడికి తీసుకెళ్ళినా పది అడుగులు వెనకే ఉంటావు, ముఖం ముడుచుకుని."

అమ్మాయికి టీచరు ఒకటో తరగతి నుంచీ పక్కన కూర్చున్న మనిషి. ఇప్పుడు పోనిస్తే మళ్ళీ తన కోసం ఏ బెంచీ మీదా కూర్చోదు. అమ్మాయి వంగి బూట్లు విప్పింది. రెండు చిటికెన వేళ్ళ మీదా బొబ్బలు చితికి ఉన్నాయి.

ఆ బూట్లు ప్రయాణానికి ముందురోజు టీచరు ముచ్చటపడి కొనిచ్చినవే. పెట్టె మూత తీసినప్పుడే అవి ఐదో నంబరని అమ్మాయికి తెలుసు.

"నాది ఆరు," అంది ఏడుపు గొంతుతో. "నువ్వంత ప్రేమగా తెచ్చావని..."

టీచరు ఇంటికెళ్ళే మాట మానేసి, ఆ బూట్లు తీసి తన సంచిలో కుక్కింది. నర్సు మందు రాసి పట్టీలు వేస్తూ, ఊరందరి నంబర్లూ చెప్పే పిల్లకి తన నంబరు చెప్పడానికి నాలుగు రోజులు పట్టిందా అని చీవాట్లు పెట్టింది.

రోడ్డవతలే చెప్పుల కొట్టు కనిపించింది. కొట్టతను వేళ్ళకు ఒరుసుకోని నల్ల చెప్పులు తీశాడు. టీచరు బాగున్నాయంది. నర్సూ తలూపింది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మాయి దాన్ని మింగేసి, తనకు ఎర్రవి కావాలంది. అవి తొడుక్కుని, కిటికీలోంచి కనిపిస్తున్న గుట్ట ఎక్కుదామంది.

ఎండెక్కే వేళకి టీచరు పది అడుగులు వెనకబడింది. ఆయాసపడుతూ, కాస్త నెమ్మదిగా నడవమని బతిమాలింది.

"కుదరదు. ఇవాళ నా రోజు," అంది అమ్మాయి, కిందికి చెయ్యి అందిస్తూ.