నీళ్ల బండి కోసం నార్సింగి దాకా

నిజాంపేట నుంచి నార్సింగికి సరదాగా ఎవరూ వెళ్లరు. నేనూ వెళ్లేవాణ్ణి కాదు. ఉగాది వెళ్లిన కొద్ది రోజులకే మా అపార్ట్‌మెంట్ బోరు చేతులెత్తేసింది. చుట్టుపక్కల బోర్లూ అంతంతమాత్రమే. చివరికి నార్సింగి అవతల ఎవరిదో బోరు దొరికితే, అక్కడి నుంచి ఉదయం ఒక ట్యాంకరు, సాయంత్రం ఒక ట్యాంకరు తెప్పించుకుంటున్నాం. అవి చాలక మధ్యాహ్నానికల్లా అన్ని ఫ్లాట్లలోనూ కొళాయిలు బుసలు కొడుతున్నాయి.

"ఫోన్లో అడిగితే ఆ బోరాయన కుదరదంటున్నాడండీ. మనలో ఎవరైనా పెద్దవారు స్వయంగా వెళ్లి మాట్లాడితే బాగుంటుంది" అన్నారు ప్రెసిడెంట్ రామ్మోహన్ గారు, కమిటీ మీటింగులో. అందరూ నా వైపు చూశారు. బ్యాంకులో అప్పుల సీట్లో పనిచేసి రిటైరైన వాణ్ణి, మాటకారినని పేరుంది. రిటైరయ్యాక కరివేపాకుకు తప్ప నన్ను ఎవరూ ఏ పనికీ పంపలేదు. అందుకని బెట్టు చేయకుండా ఒప్పేసుకున్నాను.

ఒట్టి చేతులతో ఒకరింటికి వెళ్లడం మా గోదావరి వాళ్లకు చేతకాదు. మా ఆవిడ సుభద్ర ఊరి నుంచి తెప్పించిన పూతరేకుల డబ్బా సంచిలో పెట్టింది. ఫిల్టరు నీళ్ల సీసా కూడా పెట్టింది. "ఎక్కడ పడితే అక్కడ తాగకండి, గొంతు పట్టేస్తుంది" అని హెచ్చరించింది.

ఎనిమిదింటికి బయల్దేరాను. ఎవరైనా ఈ దారిన వెళ్లేటట్టయితే ఇంకా ముందే బయల్దేరమని నా సలహా. షేర్ ఆటోలో మెయిన్ రోడ్డుకు వచ్చి, హైటెక్ సిటీ మీదుగా గచ్చిబౌలి వెళ్లే బస్సు పట్టుకున్నాను. నిలబడటానికి చోటు దొరకడమే అదృష్టం. కాసేపటికి ఒక అమ్మాయి తన పక్క సీటు ఖాళీ కాగానే "కూర్చోండి అంకుల్" అని పిలిచింది. మెడలో ఆఫీసు కార్డు, ఒళ్లో పెద్ద సంచి. నిజాంపేటలోనే హాస్టల్లో ఉంటుందట.

"సంచిలో లంచ్ బాక్సామ్మా?" అన్నాను ఊసుపోక.

"టవలూ సబ్బూ అంకుల్. హాస్టల్లో మనిషికి ఒక్క బకెట్టే ఇస్తున్నారు. మా ఆఫీసు జిమ్‌లో షవర్లున్నాయి. నెల నుంచీ స్నానం అక్కడే" అని నవ్వింది.

హైటెక్ సిటీలో ఆ పిల్ల దిగి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. అక్కడ సిగ్నల్ దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. అద్దాల మేడల ముందు పచ్చిక మీద నీళ్లు చిమ్ముతున్నాయి. వాటికి మాత్రం ఎక్కడి నుంచి వస్తున్నాయో అని కడుపు మండింది. అప్పటికింకా నన్ను నేను అన్యాయం జరిగిన వాళ్ల జాబితాలో వేసుకుని ఉన్నాను.

కొండాపూర్ దాటి గచ్చిబౌలిలో దిగేసరికి చొక్కా తడిసి ముద్దయింది. అల్లం టీ తాగి నార్సింగి బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా క్రేన్లే. పూర్తయిన టవర్ల పక్కన సగం లేచిన టవర్లు, వాటి పక్కన పునాదుల గోతులు. ఇక్కడికి వచ్చే జనమంతా పొద్దున్నే లేచి కొళాయి తిప్పుతారు కదా అనిపించింది. ఆలోచన పెద్దదయ్యేలోపు స్టాపు వచ్చింది.

అక్కడి నుంచి ఆటోలో బోరు దగ్గరికి చేరేసరికి పదకొండు కావస్తోంది. బోరాయన పేరు యాదయ్య. రెండు టవర్ల మధ్య ఇరుక్కున్న చిన్న ఇల్లు. ముందు వేపచెట్టు, పక్కన బోరు, తొట్టి. పొలమంతా పోగా మిగిలిన ముక్క అది. నేను ఎవరినో చెప్పగానే మంచం వాల్చాడు.

"గింత దూరం ఎండల వచ్చిన్రా సారు? ఫోన్ల చెప్తిని గదా" అన్నాడు నొచ్చుకుంటూ.

ఆయన భార్య యాదమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను అలవాటు కొద్దీ "వద్దమ్మా, నా దగ్గరున్నాయి" అని సంచిలోంచి సీసా తీశాను.

ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. "మా నీళ్లు తానం చేయనీకైతే పనికొస్తయి గని తాగనీకి పనికిరావా సారూ?"

కోపంగా కాదు, నిజంగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. సీసా లోపల పెట్టేసి చెంబు అందుకుని గటగటా తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. అది చూసి, పని సులువైందని లోపల లెక్క వేసుకున్నాను. సిగ్గుపడాల్సింది నిజానికి అక్కడ మొదలైంది.

విషయం కదిపాను. యాదయ్య తల అడ్డంగా ఊపాడు. "బోరు సుత అలిసిపోతది సారు. పొద్దున కొన్ని బండ్లు, పొద్దుమూకినంక కొన్ని. నడుమల ఆపకుంటే గాలి గుంజుతది."

"మధ్యాహ్నం అసలు వేయరా?"

"జరసేపు ఏస్త. గని గా నీళ్లు అమ్మేటియి కావు సారు. ఈడోళ్లకు ఇడుస్త."

ఈడోళ్లంటే ఎవరని నేను అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే పని చెడుతుంది. అప్పుల సీట్లో నేర్చిన విద్య అది. ఎదుటివాడి ఇబ్బంది వినకుండా ఉంటే మన మాట తేలిగ్గా నెగ్గుతుంది. పూతరేకుల డబ్బా తీసి యాదమ్మ చేతిలో పెట్టాను. మా అపార్ట్‌మెంట్లో ముసలివాళ్లున్నారని, పసిపిల్లలున్నారని, మీరు తప్ప దిక్కులేదని చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె డబ్బాను దేవుడి పటం ముందు పెట్టి వచ్చి భర్తతో అంది.

"ఇంటికొచ్చిన పెద్దమనిషి నోరు తెరిచి అడుగుతుండు. ఎట్ల కాదంటవ్?"

యాదయ్య తొట్టి వైపు చూశాడు. "సరె సారు. ఎండకాలం ఎల్లేదాంక పగటీలి బండి మీదే. ఇయ్యాల్టి సంది పంపుత" అన్నాడు.

రామ్మోహన్ గారికి ఫోన్ చేశాను. అవతల ఆయన ఆనందం నా చెవి దిమ్మెక్కేంత బిగ్గరగా వినిపించింది. యాదమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తిని లేచేసరికి ట్యాంకరు వచ్చింది. పైపు లోపలికి వదిలారు.

అప్పుడే టవర్ల వెనక రేకుల షెడ్ల వైపు నుంచి ఆడవాళ్లు బిందెలతో రావడం మొదలుపెట్టారు. తలల మీద సిమెంటు దుమ్ము. అన్నం బెల్లు కొట్టగానే వచ్చేసినట్టున్నారు. పైపు తొట్టిలో కాకుండా బండిలో ఉండటం చూసి ఆగిపోయారు. ముందున్నామె యాదయ్యను అడిగింది. ఆమెను సాయమ్మ అని పిలిచాడాయన.

"ఏందన్నా, ఇయ్యాల బండికి పెట్టినవ్? నా బిడ్డకు పురుడు గదనే. తల్లికీ పిల్లకూ తానం పోయాలె. నిన్ననే చెప్తిని గదా."

యాదయ్య నా ముఖంలోకి చూశాడు. నేను ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. జేబులో ఫోన్ మోగింది, రామ్మోహన్ గారు.

"బండి బయల్దేరిందాండీ? అందరూ ఎదురుచూస్తున్నారు!"

"నిండుతోందండీ" అన్నాను.

ఫోన్ పెట్టేశాక యాదయ్య ఆమెతో మెల్లగా చెప్పాడు. "సారుకు ఎరుక లేక అడిగిండమ్మా. నేనే మాటిచ్చిన. తప్పు నాది."

ఆయన నన్ను కాపాడుతున్నాడు. తెలుసుకోకూడదని జాగ్రత్తపడ్డవాణ్ణి, తెలియనివాడి కింద జమకట్టి. భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అంత సిగ్గులోనూ బండి వద్దనలేదు. డ్రైవరును బతిమాలి, సాయమ్మవి రెండు బిందెలు ఆ బండిలోంచే నింపించాను. వెనకున్న వాళ్లు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని మళ్లిపోయారు.

ఆమె రెండు బిందెలనూ చూసుకుంది. "పిల్లకు సాలుతయి. తల్లికి రేపు పోస్త" అంది తనలో తాను. తర్వాత ఒకటి నెత్తికెత్తుకుని, ఒకటి చంకనెత్తుకుని, నా వైపు తిరిగి "సల్లగుండు సారు" అంది.

తన నీళ్లే తనకిచ్చిన వాడికి ఆమె పెట్టిన దీవెన అది. రేపటి నీళ్లు కూడా నేనే తీసుకున్నానని ఆమెకు అప్పటికి తెలియదు.

బస్సెక్కే ఓపిక లేక ట్యాంకరులోనే డ్రైవరు పక్కన కూర్చున్నాను. దారంతా బండి వెనక నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. "వాల్వు ఖరాబైంది సారు" అన్నాడతను. పొద్దున చూసిన పచ్చిక మీద ఇప్పుడు ఎండ పడుతోంది. పొద్దున్నలా కడుపు మండలేదు, అడగడానికి నాకు ముఖం లేదు. ఈ ఊరు పైకి లేచేకొద్దీ నీళ్ల కోసం చేతులు చాస్తూ అంచులకు పోతోంది. ఇవాళ ఆ చాచిన చెయ్యి నాది. యాత్ర మొత్తానికి నాకు మిగిలిన అభిప్రాయం ఇంతే.

నాలుగింటికి నిజాంపేట చేరాం. గేటు దగ్గర పదిమంది దాకా నిలబడి ఉన్నారు. బండి లోపలికి రాగానే చప్పట్లు కొట్టారు. రేపటి నుంచి పగటి బండి వద్దని అక్కడే చెప్పేయాలని దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. రామ్మోహన్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఫోన్లో లేదంటే లేదన్నాడండీ. ఎలా ఒప్పించారు?"

అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. సుభద్ర కూడా బాల్కనీలోంచి చూస్తోంది.

"మంచి మనుషులండీ. అడిగాను, ఇచ్చేశారు" అన్నాను.

మళ్లీ చప్పట్లు కొట్టారు.