దెబోరా నోరు మూసుకున్న రోజు

దెబోరాకు ఒక్కతాన కూసోవుడు రాదు. చర్చిలో పాస్టరు వాక్యం చెప్తున్నప్పుడు గూడ నాలుగుసార్లు లేస్తది. ఒకసారి ఫ్యాను పెంచుతది, ఒకసారి వెనకాల ఏడ్చే పిల్లను ఎత్తుకుంటది, ఒకసారి ఊరికెనే గడప దాక పోయి వస్తది. ఆమె మొగడు యెషయా మేస్త్రీ పని చేస్తడు. "ఎన్నో గోడలు నిలవెట్టిన గానీ, గీమెను నిలవెట్టుడు నాతోని కాలే" అని నవ్వుతడు.

వాళ్ల ఊరు బోరిగడ్డ, ఖానాపూర్ నుంచి పన్నెండు కిలోమీటర్లు. దెబోరాకు నలభై ఆరేండ్లు. చిన్నప్పటి సంది బీడీలు చుట్టి, నడుం నొప్పి లేచి, ఆరేండ్ల కింద బందువెట్టింది. బీడీలు బందయినయ్ గానీ చేతులు ఊకుంటయా? రేషన్ కార్డు రానోళ్లకు దరఖాస్తు రాసుడు, ఓటరు లిస్టుల పేరు ఎగిరిపోయినోళ్లను ఆఫీసుకు తోలుకపోవుడు, పింఛను ఆగినోళ్ల కోసం సెక్రటరీతోని కొట్లాడుడు. గట్ల తిరుగంగ తిరుగంగ పద్దెనిమిది మంది ఆడోళ్ల సంఘం ఒకటి తయారయ్యింది. పేరు గూడ ఆమెనే పెట్టింది: "మా మాట".

ఊర్లె ఎవలు మాట్లాడలేకపోతున్నరో వాళ్లతోని గ్రామసభల మాట్లాడించే చిన్న సంఘాలకు, హైదరాబాదుల ఒక సంస్థ ఏడాది పాటు పైసల సాయం చేస్తదని నిరుడు తెలిసింది. దెబోరా కాయితం తెచ్చుకొని కూసున్నకాడనే నింపింది. "మీ ఊర్లో ఏం మారాలి?" అని ఒకతాన ఉండె. ఎవల్నీ అడగలే. "వాగు అవతలి మా వాడకు సీసీ రోడ్డు" అని రాసిపారేసింది.

సాయం వచ్చింది. దెబోరా కాళ్లకు చక్రాలు కట్టినట్టయ్యింది. గ్రామసభ కబురు సెక్రటరీ వాట్సాప్‌ల పెడుతుండె. బటన్ ఫోన్లున్నోళ్లకు సభ అయిపోయినంక తెలుస్తుండె. అందుకని ముందురోజు ఆటోకు మైకు కట్టి వాడవాడ తిప్పింది. చర్చి ముందల ఉత్తుత్తి గ్రామసభలు పెట్టి ఆడోళ్లకు మాట్లాడుడు నేర్పింది. బుచ్చవ్వ అనే డెబ్బయ్యేండ్ల ముసలామె సర్పంచ్ వేషమేసి, "దరఖాస్తులు తర్వాత సూస్త గానీ, ముందుగాల చాయ్ తేండ్రి" అంటే అందరు పడి పడి నవ్విండ్రు.

అసలు గ్రామసభ ఫిబ్రవరిల అయ్యింది. సర్పంచ్ సీటు ఆడోళ్లకు రిజర్వయితే మంజుల గెలిచింది. గెలిచింది మంజుల, మాట్లాడేది ఆమె మొగడు సంపత్. పక్క కుర్చీల కూసొని అన్నిటికీ ఆయననే జవాబు చెప్తుండె. సంస్థ నుంచి సృజన అనే పిల్ల సూడనీకె వచ్చి వెనకాల గోడకు ఆనుకొని నిలవడ్డది.

దెబోరా లేసింది. రోడ్డు ముచ్చట మొదలువెట్టి, పలిగిన నల్లా పైపు, కరెంటు స్తంభం, బడికాడి గుంత దాక గుక్క తిప్పుకోకుండ మాట్లాడింది. "సూస్తం దెబోరక్కా" అన్నడు సంపత్.

"నిన్ను అడుగుతలేను సంపత్! సర్పంచమ్మను అడుగుతున్న. ఆమెకు నోరు లేదా?"

జనం ఘొల్లుమన్నరు. మంజుల తలకాయ వంచుకున్నది.

సభ అయినంక అందరు దెబోరా ఇంటికాడ చాయ్ తాగుతున్నరు. సృజన ఆడోళ్లందరి దిక్కు సూసి, "మీరు గూడ ఏమన్నా చెప్పాలనుకున్నరా?" అని అడిగింది. బుచ్చవ్వ గిలాస కింద పెట్టి మెల్లగ అన్నది:

"ఏం చెప్తం బిడ్డా. మంజుల మాట సంపత్ మాట్లాడె. మా మాట దెబోరా మాట్లాడె. ఇద్దరి నోళ్లు మంచియే."

ముసలామె నవ్వుకుంటనే అన్నది. దెబోరా చేతిల చాయ్ ఒలికి చీర మీద పడ్డది.

మూడు రోజులు బుచ్చవ్వతోని మాట్లాడలే. అంట్లు తోమితే గిన్నెలు మోగుతున్నయ్, నడిస్తే గడపలు తగులుతున్నయ్. నాలుగో రోజు పొద్దుగాల యెషయా సిమెంటు బట్టలు వేసుకుంటుంటే అడ్డం నిలవడి అడిగింది:

"ఏమయ్యా, నేను గిట్ల తిరగకపోతే మన వాడకు నల్లా వచ్చేదా?"

"రాకపోయేది."

"మరి ముసలిది గంత మాట ఎట్లంటది?"

యెషయా అంగీ గుండీలు పెట్టుకున్నడు. "తిరగొద్దని అనలేదు కదనే. జర మమ్ముల గూడ మాట్లాడనియ్యి అన్నది." సద్ది గిన్నె పట్టుకొని పోయిండు. దెబోరా ఆ పొద్దంతా పెరట్ల గడ్డి పీకింది. గడ్డితోని పాటు రెండు వంకాయ చెట్లు గూడ పీకేసింది.

ఏప్రిల్ గ్రామసభకు ఒక నిర్ణయం చేసుకొని పోయింది. యెషయాకు తప్ప ఎవలికీ చెప్పలే. ముందటి వరుసల కూసునేటామె, ఆ రోజు ఆఖరి వరుసల, కిటికీ పక్కన కూసున్నది. సెక్రటరీ వచ్చిన నిధులు, చేసిన పనులు చదివిండు. సంపత్ గొంతు సవరించుకున్నడు.

"ఎవలన్న ఏమన్న అడిగేదున్నదా?"

పద్దెనిమిది మంది తలకాయలు వెనుకకు తిరిగినయ్. దెబోరా చీర కొంగు పండ్ల నడుమ పెట్టుకొని నేల దిక్కు సూసింది. కాలి వేళ్లు వాటంతట అవే కదులుతున్నయ్. రోడ్డు మాట గొంతు దాక వచ్చి కొట్టుకుంటుంది. లేస్తే అయిపోతది, ఒక్క నిమిషం పని. లేవలే. ఫ్యాను కిర్రుమంటుంది. ఎవలో దగ్గిండ్రు. సెక్రటరీ తీర్మానాల బుక్కు మూయవోయిండు.

"అయితే అందరు సంతకాలు పెట్టుండ్రి" అన్నడు సంపత్.

అప్పుడు బుచ్చవ్వ మోకాలు పట్టుకొని లేసింది.

"గీ ఆఫీసు పక్క లెట్రిన్‌కు ఎప్పుడు సూసినా తాళమే ఉంటది. తాళంచెవి ఎవల దగ్గరున్నది?"

సంపత్‌కు సమజ్ కాలే. "అది ఆఫీసర్లు వచ్చినప్పుడు తెరుస్తం అవ్వా. ఎందుకు?"

"ఎదురుంగ బీడీల కార్ఖానా ఉన్నదా? తొమ్మిది గొట్టంగ బీడీలు పట్టుకొని పోతే, వాళ్లు తీసుకునేసరికి రెండైతది. పొద్దుగాల సంది నీళ్లు తాగం. తాగితే ఎటు పోవాలె? ముందటోలె వెనకాల కంపచెట్లు లేవు, అన్ని ఇండ్లాయె. మొన్న ఒక పిల్ల కండ్లు తిరిగి అక్కడనే పడ్డది."

దెబోరాకు ఎవలో చెంప మీద కొట్టినట్టయ్యింది. తను గూడ ఏండ్లకేండ్లు గా కార్ఖానా ముందల కూసున్నదే. అప్పుడు కంపచెట్లుండె. ఆరేండ్లల్ల అవి పోయిన సంగతి కండ్లకు కనవడ్డది గానీ, బుర్రకు ఎక్కలే. దాని వెనుకనే ఇంకో ఫికర్: మరి రోడ్డు? కాయితం మీద రాసింది రోడ్డు కదా! సగం లేసింది. కిటికీ ఊచ పట్టుకొని మళ్ల కూసున్నది.

ముందటి వరుసల జనార్దన్‌రావు సారు ఉన్నడు. పెద్ద వ్యవసాయం, రిటైరయిన హెడ్‌మాస్టరు. "తెరుస్తే తెరువుండ్రి. సాఫ్ ఎవరు చేస్తరు? వాగవతలి వాడోళ్లే సూసుకోవాలె మరి" అన్నడు, ఎప్పటినుంచో ఉన్న మాట చెప్పినట్టు.

ఆ మాటకు జవాబు దెబోరా నాలుక మీద తయారుగున్నది. కానీ మాట ఇంకో దిక్కు నుంచి వచ్చింది.

"నేను గూడ గా కార్ఖానా ముందల నాలుగేండ్లు కూసున్న."

మంజుల. సన్నటి గొంతు. "పిల్ల కడుపుల ఉన్నప్పుడు గూడ కూసున్న. ఏమయ్యా, తాళంచెవి ఇటియ్యి."

సంపత్ ఆమె దిక్కు, జనం దిక్కు సూసిండు. బండి తాళాల గుత్తిల నుంచి ఒకటి గుంజి బల్ల మీద పెట్టిండు.

"మా ఇంట్లది నేనే కడుగుత సారూ" అన్నది మంజుల జనార్దన్‌రావుతోని. "ఇది గూడ అంతే. వాడుకునేటోళ్లం అందరం వంతులేసుకుంటం. మొదటి వంతు నాదే రాసుకోండ్రి." సెక్రటరీ రాయవోతుంటే బుక్కు తన దిక్కు గుంజుకొని తనే రాసింది.

అంతటితోని అన్నీ సక్కగైనయనుకుంటే తప్పు. తాళం తీస్తే లోపల ఇరిగిన కుర్చీలు, కందిరీగల గూడు. దానికి నల్లా వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. వాగవతలి వాడ ఆడోళ్ల వంతు తర్వాత మేము రామని కార్ఖానల ఊరి ఆడోళ్లు ఇద్దరు మొండికేసిండ్రు. అది విన్న రోజు దెబోరా ఆగలే. పోయి కార్ఖానా ముందల నిలవడి ఇద్దరినీ దులిపి ఆరేసింది. బుచ్చవ్వ రెక్క పట్టుకొని అవతలికి గుంజుకపోయింది. తెల్లారి ఆ ఇద్దరిల ఒకామె చీపురు పట్టుకొని వచ్చింది. ఇంకొకామె ఇప్పటికీ రాదు, ఎండల ఇంటిదాక నడిచిపోతది.

సృజన ఫోన్ చేసి రోడ్డు సంగతి అడిగితే దెబోరా గదిల ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుకుంట జవాబు చెప్పింది. "రోడ్డు రాలే బిడ్డా. రోడ్డు కావాలన్నది నేనొక్కదాన్నే అని గూడ రాసుకో. వాళ్లు అడిగింది వేరే." రాసుకుంటున్ననని చెప్పింది సృజన. రెండో ఏడాది సాయం ఉంటదో ఉండదో కమిటీ ఇంకా తేల్చలేదని గూడ చెప్పింది.

జూన్ సభల ఐదుగురు మాట్లాడిండ్రు. కండ్లు కనవడని సిద్దిరాములు లేసి, "సంస్థ పోయినంక మైకు ఆటో ఎవలు తిప్పుతరు? నాకు కబురు తెలిసేది దానితోనే" అన్నడు. పంచాయతే తిప్పాలెనని కొందరు, గదేం పని అని కొందరు. అప్పటికైతే తేలలే, తర్వాతి సభకు పెట్టిండ్రు.

బయటికొచ్చినంక దెబోరా, బుచ్చవ్వ కలిసి వాగు దిక్కు నడిచిండ్రు. దెబోరా పది అడుగులు ముందటికి పోతది, మళ్ల ముసలామె కోసం ఆగుతది.

"పెద్దమ్మా, సాయం మళ్ల రాకపోతే ఎట్ల?"

"రాకపోతే రాకపాయె. మన కార్ఖానల ఇచ్చే బీడీ ఆకు తగ్గించిండ్రు, ఎరికేనా? వారానికి మూడు రోజులే పని. రేపు కార్ఖానా సేటును అడగాలె."

"నేను పోయి అడుగుత!"

"నువ్వు రా, వద్దన్ననా" అన్నది బుచ్చవ్వ, చెప్పు తీసి చేతిల పట్టుకొని నీళ్లల్ల దిగుకుంట. "కానీ అడిగేది నేను."

దెబోరా సరే అన్నది. అన్నది గానీ, వాగు దాటేలోపలనే సేటుకు ఏమేం చెప్పాలెనో నాలుగు మాటలు ఆమె నోట్లె తయారై కూసున్నయ్.