రొయ్య తినని మా మేనత్త

పోయిన మంగళవారం పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, "అత్త ఇంక లేదే అక్కా" అన్నాడు. నిద్రలోనే పోయిందట. మా నాన్నకి అక్క ఆవిడ.

మాది శ్రీకాకుళం తీరంలో వేటకెళ్లే కుటుంబం. అత్త ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. అయినా రొయ్య ముట్టేది కాదు. ఒలిచినా చాలు, చేతుల మీద దద్దుర్లు పొంగేవి. అమ్మ వేళాకోళమాడితే, "నా వొంటికి పడదు, ఏటి సెయ్యమంటావే?" అనేది.

మా ఇంట్లో ఏ పిల్లకి కొత్త కూర పెట్టినా పక్కనే కూర్చుని మొహం కేసే చూసేది. చాదస్తం అనుకునేవాళ్లం.

మా పాపకి రెండేళ్లప్పుడు చుట్టాలింట్లో, అత్త పెరట్లో ఉండగా, రొయ్యల కూర తినిపించాను. కాసేపటికే పెదాలు వాచి, ఊపిరి ఈలలా మోగింది. అత్తా నేనూ ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. ఇంజెక్షన్ పడ్డాక పాప తేరుకుంది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా అలర్జీలున్నాయా?" అని డాక్టరు అడిగాడు.

"లేవండి" అన్నాను.

"ఉన్నాది బాబూ" అంది అత్త. తాతకి ఆయాసం, నాన్నకి చిన్నప్పుడు మోచేతుల దగ్గర ఆరని గజ్జి, తనకి రొయ్య, అన్నీ చెప్పింది. చెప్పి పాప పెదాల కేసి చూసింది.

"నా ఎనకాల ఒక తమ్ముడుండీవోడు. నాలుగేళ్లోడు. నా సేత్తోనే రొయ్య పెట్టాను. ఇలాగే పెదాలు వాసాయి. గాలి సోకి పోయాడన్నారు అందరూ. నాను నమ్మలేదు. ఎవులికీ సెప్పలేదు."

నాన్నకో అన్న ఉండేవాడని నేను వినడం అదే మొదలు.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "మీ తప్పు కాదమ్మా. ఈ తత్వం కుటుంబాల్లో వస్తూంటుంది. ఒకరికి ఆయాసం, ఒకరికి దురద, ఒకరికి ఇలాగ. మీరు చెప్పడం మంచిదయింది."

అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

ఆ తర్వాత మా వాళ్లలో ఎవరికి బిడ్డ పుట్టినా వెళ్లి చెప్పేది. "ఓలమ్మీ, మనింట్లో ఇది ఉన్నాది. డాట్రుకి దాసకండి." కొందరు విసుక్కున్నారు. ఆవిడ మానలేదు.

ఇప్పుడు పాపకి తొమ్మిదేళ్లు. మొన్న వేసవిలో ఒడ్డున పడవ నీడలో అత్త పక్కన కూర్చుని, "ఆ నాలుగేళ్ల తాత పేరేంటి?" అని అడిగింది. అత్త నెమ్మదిగా పేరు చెప్పింది. పాప లేచి, సముద్రం వైపు తిరిగి ఆ పేరు గట్టిగా కేకేసింది.

"ఇంకొక్కసారి పిలువమ్మా" అంది అత్త.