ఆనపకాయ తెచ్చిన కబురు

ముక్తేశ్వరానికి మైలు దూరంలో, కాలవ గట్టున ఉన్న పేటలో ఏసుదాసు ఎక్కని కొబ్బరిచెట్టు లేదు. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల తోటల్లో కాయల దింపు తీసేది అతనే. యాభై నాలుగో ఏట కూడా పాదాలకు తాడు బంధం తగిలించుకుని, నడుముకు కత్తి దోపుకుని, కబుర్లు చెబుతూనే పైకి వెళ్లిపోయేవాడు. కింద ఉన్నవాళ్లు మెడలు నొప్పి పుట్టేలా తలలెత్తి వినేవారు. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివాడు కనక, పేటలో సగం మందికి ఉత్తరాలు చదివిపెట్టేదీ రాసిపెట్టేదీ కూడా అతనే. అబద్ధమాడే మనిషి కాదని పేరు. అలవాటు లేని పని కాబట్టే కాబోలు, ఆడవలసివచ్చినప్పుడు ఎక్కడ ఆపాలో తెలియలేదు.

ఒక్కగానొక్క కొడుకు వరప్రసాదం ఎనభై నాలుగులో పటాలంలో చేరాడు. అదే రోజు అదే బస్సెక్కి వెళ్లి, అదే వరసలో నిలబడి ఎంపికైనవాడు తాతారావు. తాతారావు తల్లి చిన్నమ్మలు. భర్త పోయాక, ఏసుదాసు దింపు తీసిన తోటల్లో రాలిన ఆకులు ఏరుకుని, ఈనెలు తీసి, చీపుళ్లు కట్టి అమ్ముకుంటూ కొడుకుని పెంచింది. కులాలు వేరు, దేవుళ్లు వేరు. అయినా చెట్టు మీద అతను, చెట్టు కింద ఆమె పదిహేనేళ్లు కలిసి పని చేసినవాళ్లు. ఆమెకు అతను అన్నయ్యగారు, అతనికి ఆమె చెల్లెమ్మ. నెలకు రెండుసార్లు ఆమె చెబుతుంటే తాతారావుకు ఇన్లాండు కవరు రాసిపెట్టేది కూడా ఏసుదాసే.

వరప్రసాదం దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందంటే ఆ ఆదివారానికల్లా పేటంతా తెలిసిపోయేది. దానికి వాళ్ల చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో మేలు జరిగినవాళ్లు పెరట్లో ఉన్నదేదో ఒకటి స్తుతి కానుకగా తెచ్చి బల్ల దగ్గర పెడతారు. గుడ్లో, అరటి హస్తమో, కోడిపుంజో. ఫలానావారు ఫలానా మేలు నిమిత్తం తెచ్చారని పాస్టరు అయ్యగారు అందరికీ వినిపిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని సంఘపెద్ద జోజి వేలం పాడిస్తాడు. ఏసుదాసు సంచితో లోపలికి వస్తే చాలు, ఆడవాళ్ల వైపు "అబ్బాయి రాసేడు" అని గుసగుస మొదలయ్యేది. అతని వస్తువు ఎప్పుడూ కాస్త ఎక్కువే పలికేది. పాడుకున్నవాళ్లకు కబురు ముందు వినే హక్కు ఉన్నట్టు లెక్క. అతని భార్య ఎలీసమ్మకు చెల్లెలు కాంతం ఉంది. ఆవిడ బండారులంక నుంచి బస్సెక్కి వచ్చి మరీ వినేది.

ఎనభై ఏడు వర్షాకాలంలో ఆ పటాలాన్ని శ్రీలంక పంపారు. పేటవాళ్లకు లంకంటే గోదావరి మధ్య కూరపాదులు పెట్టే నేల. పడవ మీద వెళ్లి చూసి రావచ్చేమోనని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఏసుదాసు ఇసకలో పుల్లతో పటం గీసి, సముద్రం ఎక్కడో, ఆ దేశం ఎక్కడో ఓపిగ్గా చూపించాడు. సెప్టెంబరు ఆఖరున ఒక ఉత్తరం వచ్చింది. ఆ తరువాత రాలేదు. అక్టోబరులో అక్కడ కాల్పులు జరుగుతున్నాయని రేడియో చెప్పింది.

ఒక ఆదివారం పోయింది. రెండు పోయాయి. ఎవరూ పెదవి విప్పి అడగలేదు. అడిగినా బాగుండేది. అతను లోపలికి రాగానే అందరి చూపూ అతని చేతుల మీదికి పోయి, ఖాళీగా ఉండడం చూసి, మెల్లగా బైబిళ్లలోకి దిగిపోయేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలిసేది కాదు. ఎలీసమ్మ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతుండేది.

ఆరో ఆదివారం జరిగినదానిలో మాత్రం ఏసుదాసు తప్పు ఆవగింజంత కూడా లేదు. పెరటి పాదుకు ఆనపకాయ ఒకటి దిగింది. ఇంకో రెండు రోజులుంటే ముదిరిపోతుంది. ఇంట్లో తినే ధ్యాస ఎవరికీ లేదు. పోనీ దేవుడి బల్ల దగ్గర పెడదామని చంకలో పెట్టుకుని వెళ్లాడు. వయసు మళ్లిన పాస్టరు అయ్యగారు కళ్లజోడు సవరించుకుని ఏసుదాసునీ ఆనపకాయనీ మార్చి మార్చి చూశారు. ముఖం విప్పారింది. అడగనైనా అడగకుండా, "సహోదరుడు ఏసుదాసుగారు, కుమారుని క్షేమ సమాచారం అందిన నిమిత్తం" అని గట్టిగా చెప్పేశారు. స్తోత్రం అంటూ చర్చి అంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది.

ఏసుదాసు లేచాడు. కాదని చెప్పడానికే లేచాడు. కానీ ఆడవాళ్ల వరసలోంచి ఎలీసమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆరు వారాలుగా ఆ ముఖంలో లేని వెలుగు. కాసేపు అలాగే నిలబడి కూర్చున్నాడు. మిగిలినవాళ్లు అతనికి గొంతు పూడుకుపోయిందనుకుని మరోసారి స్తోత్రం చెప్పారు.

ఇంటికి వెళ్లాక ఎలీసమ్మ ఉత్తరం చదవమంది. ఆవిడకు చదువు రాదు. ఏసుదాసు రేకుపెట్టెలోంచి సెప్టెంబరు ఉత్తరమే తీసి, దాని మీద కళ్లు పెట్టి, అందులో లేనిదంతా చదివాడు. వాన తగ్గిందన్నాడు. భోజనం బాగుందన్నాడు. ఆ పూట ఆవిడ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. అది చూశాక నిజం చెప్పాలంటే ఎంతటి గుండె ఉండాలి? ఏసుదాసుకు లేకపోయింది.

మర్నాడు తోటలో, అతను చెట్టు తలలో ఉండగా చిన్నమ్మలు పరిగెత్తుకొచ్చింది. తన కొడుకు సంగతి ఏమైనా రాశాడా అని కింద నుంచి కేకేసింది. ఇద్దరూ ఒకే చోట ఉన్నారని, కులాసాగానే ఉన్నారని పైనుంచి చెప్పాడు. అంత ఎత్తు నుంచి అబద్ధం చెప్పడం సులువు. వినేవాళ్ల ముఖం కనిపించదు.

అక్కడితో ఆగితే ఆగిపోయేది. ఒకసారి కబురు వచ్చిందన్నాక మళ్లీ రాకపోతే ఎలా? మరుసటి ఆదివారం అరటి హస్తం పట్టుకెళ్లాడు. తరువాత గుడ్లు. కాంతం బస్సు దిగింది. చెట్ల కింద చిన్నమ్మలు కాసుకుని ఉండేది. ఆమె కోసమని ప్రతిసారీ తాతారావును కూడా కథలో కూర్చోబెట్టవలసివచ్చేది. ఇద్దరూ ఒకే గుడారంలో పడుకుంటున్నారు. ఒక రోజు సెలవు దొరికితే ఇద్దరూ కలిసి చేపల పులుసు వండుకున్నారు. పులుసులో ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పాడు. ఆ ఉప్పుకు చిన్నమ్మలు మురిసిపోయి, వాడికి చిన్నప్పటి నుంచీ చెయ్యి జారడమే అలవాటని నలుగురికీ చెప్పుకుంది.

ఆ మురిపెం నాలుగు రోజులే. తరువాత ఆమెకు కోపం వచ్చింది. పక్కనే కూర్చుని స్నేహితుడు వారం వారం రాస్తుంటే, తన కొడుక్కు తల్లికి రెండు ముక్కలు గీకడానికి తీరిక లేదా? ముందు పోస్ట్‌మాన్ సూర్యప్రకాశరావు మీద పడింది. తన ఉత్తరాలు ఎక్కడ పారేస్తున్నావని కాలవ వంతెన మీద నిలదీసింది. ఆయన ఏదో అనబోయి, దూరంగా వస్తున్న ఏసుదాసును చూసి మానేశాడు. ఆమె వెళ్లిపోయాక సైకిలు దిగి నెమ్మదిగా అడిగాడు.

"ఏసుదాసు గారూ, ఈమధ్య మీ ఉత్తరాలు వేరే పోస్టాఫీసు నుంచి వస్తున్నాయేంటండి?"

ఏసుదాసు చొక్కా గుండీ పెట్టుకున్నాడు. అది పెట్టుకునే ఉంది.

"నాకేం పరవాలేదండి, మాటలు పడతాను," అన్నాడు సూర్యప్రకాశరావు. "ఆవిడనే చూసుకోండి." సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజే చెప్పేద్దామని ఏసుదాసు చిన్నమ్మలు ఇంటికి వెళ్లాడు. అతను నోరు తెరిచే లోపల ఆమే చెప్పింది. ఇక కొడుక్కు ఉత్తరం రాయించనంది. వాడు రాసేదాకా ఇక్కడి నుంచి ఒక్క ముక్క కూడా వెళ్లదంది. వాడి చెయ్యి పడిపోయిందా అంది. అలా పట్టు పట్టకూడదని ఏసుదాసు గొణిగాడు. అది ఎందుకు కూడదో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. చీపురొకటి కొనుక్కుని వచ్చేశాడు. ఇంట్లో అప్పటికే నాలుగు ఉన్నాయి.

డిసెంబరు మధ్యలో ఒక పొద్దున్న, ఏసుదాసు అరుగు మీద కత్తి నూరుకుంటుంటే చిన్నమ్మలు వచ్చింది. చేతిలో కవరు. ఎలీసమ్మ పక్కనే చేటలో బియ్యం ఏరుతోంది.

"వచ్చిందన్నయ్యగారూ. ఎట్టకేలకు బుద్ధొచ్చింది వాడికి. చదవండి."

దస్తూరీ తాతారావుది కాదు. మద్రాసు మిలిటరీ ఆసుపత్రి నుంచి వచ్చింది. పక్క మంచం మీద ఉన్న శ్రీకాకుళం కుర్రాడితో రాయించాడు. ఏసుదాసు చదవడం మొదలుపెట్టాడు. అక్టోబరు ఇరవైన తాతారావు కుడి చేతికి గుండు తగిలింది. రెండు ఆపరేషన్లు చేశారు. చెయ్యి ఉంటుంది, వేళ్లు ఇంకా కదలడంలేదు. భయపడవద్దు. ఇంత కాలం రాయించకపోవడానికి కారణం, తెలిస్తే తల్లి తట్టుకోలేదని.

చిన్నమ్మలు స్తంభానికి చేరబడింది. ఏసుదాసు ఆగాడు. కింద ఇంకా అయిదు వరసలున్నాయి. వాటి మీదుగా అతని చూపు ఒక్కసారి పోయింది, అంతే, బొటనవేలు కాగితం మడత మీదికి వెళ్లింది. లేనిది చదవడం చేతనైనవాడికి ఉన్నది వదిలెయ్యడం ఒక లెక్కా? ఇక్కడికి మడిచి ఇచ్చేస్తే ఈ అరుగు మీద ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె అతని నోటి వంకే చూస్తోంది. ఎలీసమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది.

"ఇంకా ఉందాండి?" అంది చిన్నమ్మలు.

"ఉందమ్మా," అని చదివాడు.

"నన్ను భుజాన వేసుకుని వచ్చి బండి ఎక్కించినవాడు వరప్రసాదమే. ఆ రోజు తరువాత వాడిని చూడలేదు. ఎలా ఉన్నాడో తెలియదు. ఏసుదాసు మామయ్యగారికి ఏమైనా తెలిస్తే రాయించు. పాత అడ్రసుకు నువ్వు రాయించినవి తిరిగి తిరిగి ఇక్కడికి చేరాయి. కార్తీకం తరువాత ఒక్కటీ లేదు. నా మీద ఎందుకమ్మా కోపం?"

కాలవలో ఎవరో పడవ తోస్తున్న చప్పుడు. ఎలీసమ్మ చేట కింద పెట్టి, మొగుడి వంక చూడకుండా లేచి లోపలికి వెళ్లింది. రేకుపెట్టె మూత తెరిచిన చప్పుడు వినిపించింది. ఎన్ని ఉత్తరాలున్నాయో ఆవిడ లెక్కపెట్టుకుంటోందని ఏసుదాసుకు అర్థమైంది. అంకెలు ఆవిడకు వచ్చు.

"మరి ఆ చేపల పులుసో, అన్నయ్యగారూ?" అంది చిన్నమ్మలు. కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

"అదీ అబద్ధమేనమ్మా."

"ఉప్పు?"

ఏసుదాసు తల ఎత్తలేకపోయాడు. చావు కబురు చెప్పడానికైనా ఇంత సిగ్గు ఉండదు. ఆనపకాయ దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. మధ్యలో ఎక్కడా తనకు అనుకూలంగా చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఆ ఆనపకాయ తప్ప మరేమీ లేదు, తప్పు దాని మీద వెయ్యడానికి అది వట్టి కాయే కదా. ఎలీసమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి చిన్నమ్మలుకు ఇచ్చింది. ఒక్క గ్లాసే తెచ్చింది.

చిన్నమ్మలు మజ్జిగ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, కొత్త కవరు తియ్యమంది. ఇప్పుడే రాయాలంది. ఏసుదాసు కలం పట్టుకున్నాడు. ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. చెయ్యి జాగ్రత్త, తొందరపడి బరువులు ఎత్తకు, మద్రాసు రావడానికి దారి కనుక్కుంటున్నాను, ఆ శ్రీకాకుళం బాబుకు దణ్ణం పెట్టానని చెప్పు. తరువాత కాస్త ఆగింది.

"నెల్లాళ్లు రాయించలేదు కదా. జ్వరం వచ్చిందని రాయండి."

ఏసుదాసు కలం ఆగింది. "మీకు జ్వరం రాలేదు కదమ్మా."

"మరేం రాయమంటారు? మీ పేరు రాయమంటారా వాడికి? వాణ్ణి మోసుకొచ్చిన పిల్లాడి తండ్రి ఇలా చేసేడని రాయమంటారా?"

తిట్టి ఉంటే తల వంచుకుని పడేవాడు. ఆమె తన కోసం అబద్ధం ఆడుతుంటే, దాన్ని తన చేత్తోనే రాయవలసిరావడం వేరు. జ్వరం అని రాశాడు. తరువాత అట్టడుగున మిగిలిన కాస్త చోటులో, ఆమె చెప్పకుండానే ఇంకో మూడు వరసలు రాశాడు. చదివి వినిపించమంది. అవి కూడా చదివాడు.

"బాబూ తాతారావూ, ఇది రాసేది ఏసుదాసు. మీ అమ్మకు జ్వరం రాలేదు. మీరిద్దరూ కులాసా అని నేను అబద్ధాలు చెప్పినందువల్ల ఆవిడ నీ మీద అలిగింది. తప్పు నాది."

"అది నేను చెప్పలేదు కదండీ."

"లేదమ్మా. నేను రాసుకున్నాను. వద్దంటే కొట్టేస్తాను."

ఆమె కవరు తీసుకుని ఆ మూడు వరసల వంక, చదవగలిగినట్టే, చాలాసేపు చూసింది.

"ఉంచండి," అంది. ఎలీసమ్మను అడిగి అన్నం మెతుకు తీసుకుని, తనే అంటించుకుని పట్టుకుపోయింది.

ఆ ఆదివారం ఏసుదాసు సాక్ష్యం చెప్పే వేళలో లేచి చర్చిలో కూడా చెప్పాడు. అయ్యగారు తన తొందరపాటు కూడా ఉందని అందరి ముందూ ఒప్పుకున్నారు. అది విని ఏసుదాసు ఇంకాస్త కుంచించుకుపోయాడు. కాంతం మాత్రం బస్సు చార్జీ సంగతి ఎత్తింది, అక్క కసురుకుంటే ఊరుకుంది. ఎలీసమ్మ పదకొండు రోజులు మొగుడితో ముక్తసరిగా మాట్లాడింది. అతనితో పాటు కిటికీ దగ్గర నిలబడి పోస్ట్‌మాన్ కోసం చూడడం మాత్రం మానలేదు.

జనవరి ఆఖరున వరప్రసాదం ఉత్తరం వచ్చింది. నాలుగే వరసలు. బాగానే ఉన్నానని, తాతారావు ఎలా ఉన్నాడో తెలియడంలేదని. ఎలీసమ్మకు చదివి వినిపించి, సూర్యప్రకాశరావుతో కూడా ఒకసారి చదివించి, ఏసుదాసు చిన్నమ్మలు ఇంటికి వెళ్లాడు. ఆమె ఈనెలు గీస్తోంది. కత్తి పక్కన పెట్టి చదవమంది. చదివాడు.

"మళ్లీ చదవండి," అంది.

చదివాడు. మొదటిసారి ఏ మాట తరువాత ఏ మాట వచ్చిందో, రెండోసారీ అలాగే వస్తోందా అని ఆమె చెవి ఒగ్గి వింటోందని సగంలో ఉండగా తెలిసింది. అయినా తొందరపడకుండా, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, చివరిదాకా చదివాడు. ఆమె తల ఊపి కత్తి తీసుకుంది.

ఆ తరువాత ఎవరి ఉత్తరమైనా సరే, ఎవరూ అడక్కపోయినా, ఏసుదాసు రెండుసార్లు చదివేవాడు.